చుక్క వేశాక కంట్లో ఏం జరుగుతుంది?

(మా పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశంలో కంటి డాక్టరుగారు మాట్లాడినది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. సెక్రటరీగారు ఫోన్ చేసినప్పుడు నేను ఒకటే అడిగాను. నీటికాసులకి, అంటే గ్లకోమాకి, చుక్కలు వేసుకుంటున్నవాళ్ళు ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలని. ఎంతమంది తెచ్చారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... ఆరుగురు. మాస్టారూ, మీరు చొక్కా జేబులోంచి తీశారు చూడండి, ఆ సీసా గురించి తర్వాత మాట్లాడుకుందాం. అది చొక్కా జేబులో ఎందుకుందో కూడా మాట్లాడుకుందాం.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు తరచుగా అనే మాట ఒకటుంది. "అమ్మా, మూడు నెలలు వేశానండి, చూపేమీ పెరగలేదు, అందుకే ఆపేశాను." ఆ మాట వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. జ్వరానికి మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది. మోకాలికి మందు రాస్తే నొప్పి తగ్గుతుంది. మరి కంట్లో చుక్క వేస్తే చూపు పెరగొద్దా? పెరగదండి. నీటికాసులకి ఇచ్చే మందుల్లో ఏదీ పోయిన చూపుని తిరిగి తేలేదు. ఉన్న చూపు పోకుండా కాపలా కాస్తాయి, అంతే. కాపలావాడు సరిగ్గా పనిచేసిన రాత్రి ఇంట్లో ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కదా, వీడెందుకు దండగ అని పంపించేస్తామా?

శుక్లమైతే ఆపరేషన్ చేసి లెన్స్ పెడితే చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయేది నరం. కంటి వెనకనుంచి మెదడుకి వెళ్ళే నరం. అది ఎండిపోతే మళ్ళీ చిగుర్చదు. పైగా నొప్పి ఉండదు, పక్కచూపు నుంచి మెల్లిగా తినుకుంటూ వస్తుంది కాబట్టి తెలియదు కూడా. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవాళ్ళు 1996 నుంచి 2000 దాకా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10 వేలమందికి పైగా కళ్ళు పరీక్షించారు. అందులో హైదరాబాదు నగరంలో చూసినవాళ్ళలో, మామూలు రకం నీటికాసులు ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బు ఉందనే తెలియదు. అందుకని, ఈ హాల్లో సీసా తెచ్చిన ఆరుగురూ ఒక రకంగా అదృష్టవంతులు. తెలిసింది, సీసా దాకా వచ్చింది.

సరే. ఇప్పుడు చుక్క వేస్తే లోపల ఏం జరుగుతుంది? మనం డెల్టా వాళ్ళం, మనకి ఇది చెప్పడం తేలిక.

కంట్లో నీళ్ళు పుడతాయి. కన్నీళ్ళు కాదండి, కన్నీళ్ళు బయటవి. ఇవి లోపలివి. రంగు ఐరిస్ ఉంటుందే, నల్లగుడ్డులో కనపడే రంగు పొర, దాని వెనక చిన్న కండ ఒకటి ఉంటుంది. ఆ కండ మీది పొర నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల నీళ్ళు తయారుచేస్తుంది. ఎంతని అడగకండి, రోజంతా కలిపితే ఒక టీ చెంచా కూడా నిండదు. ఆ కాస్త నీళ్ళే లెన్సుకీ, ముందున్న గాజులాంటి పొరకీ ఆహారం. అక్కడ రక్తనాళాలు లేవు కదా, ఉంటే మనకి అడ్డం వచ్చేవి. అంటే ఇది పంట కాలువ. పంటకి పారిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? మురుగు కాలువలోకి పోవాలి. కంటికీ మురుగు కాలువ ఉంది. ఐరిస్ అంచున, గాజుపొర కలిసే మూలలో ఒక జల్లెడ ఉంటుంది. నీళ్ళు ఎక్కువ భాగం ఆ జల్లెడ గుండా రక్తంలోకి పోతాయి. ఇంకో దారి కూడా ఉంది, అది తక్కువమందికి తెలుసు. ఆ కండ పోగుల మధ్యనుంచి కొంత నీరు ఊరి, ఇంకి బయటపడుతుంది. దాన్ని నేను గట్టు ఊట అంటాను.

మురుగు కాలువలో గుర్రపుడెక్క పట్టేస్తే చేను మునుగుతుందా లేదా? పైనుంచి లాకుల నీళ్ళు వస్తూనే ఉంటాయి, కింద పోవు. కంట్లోనూ అదే. జల్లెడ మూసుకుపోతుంది, నీళ్ళు పుడుతూనే ఉంటాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. దీన్నే కంటి ప్రెషర్ అంటాం. బీపీ కాదు, రెండూ వేరు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి కంటి ప్రెషర్ కూడా తగ్గుతుందనుకునేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నేను అడగను. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఆ 21 అనేది లక్ష్మణరేఖ ఏమీ కాదు. 18లో కూడా నరం దెబ్బతినేవాళ్ళు ఉన్నారు, 24లో ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళూ ఉన్నారు. కానీ తగ్గించడం వల్ల లాభం ఉంది, అది తేలిన విషయం. స్వీడన్‌లో చేసిన ఒక పెద్ద పరిశీలనలో, ఒక్కో పాయింటు తగ్గించినందుకు జబ్బు ముదిరే ప్రమాదం సుమారు 10 శాతం తగ్గిందని చూశారు. ఒక్క పాయింటుకి!

అయితే మునిగిన చేనుని కాపాడాలంటే ఏం చేస్తారు? పైన లాకు దించుతారు. లేదంటే కింద మురుగు తీస్తారు. లేదంటే గట్టు ఊట పెంచుతారు. మీ చేతుల్లో ఉన్న ఏ సీసా తీసుకున్నా ఈ మూడిట్లో ఏదో ఒకటి చేస్తుంది. కొన్ని రెండేసి చేస్తాయి.

అన్నిటికన్నా పాతది పైలోకార్పిన్. బ్రెజిల్‌లో జాబొరాండి అనే మొక్క ఉంది. ఆకు నమిలితే నోట్లో లాలాజలం ధారగా కారుతుంది. అక్కడివాళ్ళ భాషలో ఆ పేరుకి అర్థమే చొంగ కార్చేది అని. దాన్నుంచి తీసిన మందు 1870ల చివరి నుంచీ కంటికి వాడుతున్నారు. దానికి కొంచెం ముందు, 1876లో, లక్వోర్ అనే జర్మన్ డాక్టరు ఆఫ్రికాలో కాలబార్ అనే చోట పెరిగే విషపు గింజ నుంచి తీసిన మందు వాడాడు. అక్కడ ఆ గింజని నేరం రుజువు చేయడానికి తినిపించేవాళ్ళు, బతికితే నిర్దోషి. ఆ డాక్టరుగారికే నీటికాసులు ఉన్నాయి. తన జబ్బుకి తానే మందు వెతుక్కున్నాడు. ఈ రెండు మందులూ చేసేది ఒకటే, కంటిపాపని చిన్నది చేసి, లోపలి కండని బిగించి, జల్లెడని సాగదీసి తెరుస్తాయి. పైలోకార్పిన్ రోజుకి నాలుగుసార్లు వేయాలి, కనుబొమ మీద నొప్పి, చీకటి పడితే చూపు మసక. అందుకే ఇప్పుడు రోజువారీ మందుగా దాదాపు పోయింది. కానీ ఒకచోట ఇంకా పనికొస్తుంది, అక్కడికి వస్తాను.

తర్వాత టిమోలాల్. ఇది 1978లో అమెరికాలో అనుమతి పొందింది, అప్పటినుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. చవక. ఇప్పటికీ మంచి మందు. ఇది లాకు దించే రకం. నీళ్ళు పుట్టే ఆ పొర మీద గంటల్లాంటివి ఉంటాయి. మన ఒంట్లో అడ్రినలిన్ వచ్చి ఆ గంట కొడితే నీళ్ళు ఎక్కువ పుడతాయి. టిమోలాల్ వెళ్ళి ఆ గంటకి గుడ్డ చుట్టేస్తుంది. అంతే. ఇందులో ఒక తమాషా ఉంది. రాత్రి నిద్రలో అడ్రినలిన్ ఎలాగూ తక్కువ, నీళ్ళు పుట్టడం సగానికి పడిపోతుంది. మోగని గంటకి గుడ్డ చుడితే ఏమిటి, చుట్టకపోతే ఏమిటి? అందుకే టిమోలాల్ రాత్రిపూట పెద్దగా పనిచేయదు. రోజుకి ఒకసారే వేయమంటే పొద్దున్నే వేయమంటాం.

కానీ అవే గంటలు గుండెలోనూ ఉన్నాయి. ఊపిరితిత్తుల్లోనూ అలాంటివే ఉన్నాయి. ఇక్కడ నా తప్పు ఒకటి చెబుతాను. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో. రైసుమిల్లులో గుమాస్తాగారు ఒకాయన వచ్చారు. ప్రెషర్ 30. "ఉబ్బసం ఉందా?" అని అడిగాను. "లేదండి" అన్నారు. టిమోలాల్ రాశాను. పది రోజులకి ఆయన రాలేదు, వాళ్ళబ్బాయి వచ్చాడు. "నాన్నకి ఒకటే ఆయాసమండి, రాత్రి కూర్చునే ఉంటున్నారు, నెబులైజర్ పెట్టించాం" అన్నాడు. నా గుండె జారిపోయింది. అసలు సంగతేమిటంటే, ఆయనకి ఏటా మంచు పడే రోజుల్లో పిల్లికూతలు వస్తాయి, నెల రోజులు ఇన్‌హేలర్ పంపు పీలుస్తారు. దాన్ని ఆయన ఉబ్బసం అనుకోరు, ఊక దుమ్ము అనుకుంటారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను అడగాల్సినట్టు అడగలేదు. ఇంకో సంగతి చూడండి. ఆయాసానికి చూసిన డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు" అని అడిగితే బీపీ మాత్ర పేరు చెప్పారట, గ్యాస్ మాత్ర పేరు చెప్పారట. చుక్క సంగతి చెప్పలేదు. "కంట్లో వేసేది మందేమిటండి, చుక్కేగా!" అన్నారు నాతో తర్వాత. మందు మార్చాక తగ్గింది, ఆయన చాలా ఏళ్ళు నా దగ్గరికే వచ్చారు, అది ఆయన మంచితనం. అప్పటినుంచి నేను ఉబ్బసం ఉందా అని అడగను. పంపు ఎప్పుడైనా పీల్చారా, రాత్రి పిల్లికూతలు వస్తాయా, నాడి నెమ్మదిగా ఉందని ఎవరైనా అన్నారా, ఇలా అడుగుతాను. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఇంకో మాట. షుగరు పడిపోయినప్పుడు గుండె దడ, చేతుల వణుకు వచ్చి మిమ్మల్ని హెచ్చరిస్తాయి కదా, ఈ మందు ఆ హెచ్చరికని కప్పేయవచ్చు.

కంట్లో వేసిన చుక్క ఊపిరితిత్తుల దాకా ఎలా పోయింది? ఏడిస్తే ముక్కు ఎందుకు కారుతుందో, అలాగే పోయింది. కంటి లోపలి మూలనుంచి ముక్కులోకి సన్న గొట్టం ఉంది. చుక్క అందులోకి జారి ముక్కు పొరలోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్ర ముందు లివరు దగ్గర సగం అరుగుతుంది, దీనికి ఆ అరుగుదల కూడా లేదు. అందుకే చుక్క వేశాక ఆ మూలని వేలితో నొక్కి పట్టుకోమంటాం. ఇప్పుడే అందరూ ఒకసారి నొక్కండి. కనురెప్ప కాదమ్మా, మూల, ముక్కు పక్కన. ఆ, అక్కడ. కళ్ళు మూసుకుని రెండు మూడు నిమిషాలు. మందు కంట్లో ఎక్కువసేపు ఉంటుంది, ఒంట్లోకి తక్కువ పోతుంది.

ఇక మీ సీసాల్లో ఎక్కువ ఇదే ఉంటుందనుకుంటా, లటానోప్రోస్ట్. దాని అక్కచెల్లెళ్ళు ట్రావోప్రోస్ట్, బైమటోప్రోస్ట్. వీటి కథ నాకు చాలా ఇష్టం. ప్రోస్టాగ్లాండిన్లు అని మన ఒంట్లోనే పుట్టే పదార్థాలున్నాయి. కుందేళ్ళ కళ్ళలో వేసి చూస్తే ప్రెషర్ పెరిగింది, ఎర్రబడింది. కాబట్టి ఇవి కంటికి శత్రువులని అందరూ అనుకున్నారు. హంగరీ నుంచి 1956లో పారిపోయి అమెరికా చేరిన లాస్లో బీటో అనే శాస్త్రవేత్త, కొలంబియా యూనివర్సిటీలో, కొద్ది మోతాదులో వేస్తే ప్రెషర్ పడిపోతుందని చూశాడు. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. చివరికి స్వీడన్ కంపెనీ ఒకటి ముందుకొచ్చింది, 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. శత్రువనుకున్నదే ఇవాళ చాలామందికి మేం మొదట రాసే మందు.

ఇది ఏం చేస్తుంది? గట్టు ఊట పెంచుతుంది. కండ పోగుల మధ్య ఇరుక్కుని ఉన్న జిగట పదార్థాన్ని కరిగించి, గట్టు మట్టిని గుల్ల చేస్తుంది. రైతుకి గట్టు గుల్ల అయితే బాధ, మనకి ఇక్కడ అదే కావాలి. ప్రెషర్ మూడో వంతు దాకా తగ్గుతుంది. 30 ఉంటే 20, 21కి వస్తుంది. రోజుకి ఒక్క చుక్క, రాత్రి పడుకోబోయే ముందు. రెండుసార్లు వేస్తే ఇంకా తగ్గుతుందా? తగ్గదు, పని ఇంకా పలచబడుతుంది. ఒకటంటే ఒకటే.

కళ్ళు ఎర్రబడతాయి మొదట్లో. రెప్పల చుట్టూ చర్మం నల్లబడవచ్చు. ఇంకోటి, రెప్పవెంట్రుకలు పొడుగ్గా, నల్లగా, ఒత్తుగా పెరుగుతాయి. నవ్వకండి, అమెరికాలో 2008లో బైమటోప్రోస్ట్‌కి కనురెప్పల వెంట్రుకలు పెంచే మందుగా కూడా అనుమతి వచ్చింది. మనకి బాధ ఎప్పుడంటే, ఒక కంటికే వేస్తున్నప్పుడు. పెళ్ళిచూపులకి ముందు ఒకమ్మాయిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది, ఒక కన్ను కాటుక పెట్టినట్టుంది, రెండో కన్ను మామూలుగా ఉంది. ఆ అమ్మాయికి మందు మార్చాను. పిల్లికళ్ళవాళ్ళకి ఐరిస్ రంగు కూడా ముదురుతుంది, అది మళ్ళీ వెనక్కి రాదు. మనలో చాలామందివి ముదురు గోధుమ కళ్ళే కాబట్టి కనపడదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్ నీళ్ళు తయారుచేసే ఎంజైమ్‌ని ఆపుతాయి, లాకు దించే రకమే. వేసుకోగానే నోరు చేదవుతుంది, అది మామూలే. అదే కుటుంబంలో మాత్ర ఉంది, అసిటజోలమైడ్, 1954 నుంచి నీటికాసులకి వాడుతున్నారు. అది వేసుకుంటే వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, గోలీసోడా తాగితే చప్పగా ఉంటుంది. నిజమండి, సోడా చురుక్కుమనేది నాలుక మీద ఉన్న అలాంటి ఎంజైమ్ వల్లే. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు, సల్ఫా మందు పడనివాళ్ళు ముందే చెప్పాలి. బ్రిమోనిడిన్ కాస్త లాకు దించుతుంది, కాస్త ఊట పెంచుతుంది. కొందరికి కొన్ని నెలల తర్వాత దురద, ఎర్రదనం, ఎలర్జీ వస్తుంది. పసిపిల్లలకి అసలు తగలనివ్వకూడదు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. మనవలు ఆడుకునే చోట సీసా పెట్టకండి. ఇక కొత్తవి, జపాన్‌లో 2014లో వచ్చిన రిపాసుడిల్, అమెరికాలో 2017లో వచ్చిన నెటార్సుడిల్. ఇవి గుర్రపుడెక్క తీసేవి. జల్లెడ కణాల బిగువు సడలించి అసలు కాలువనే పారిస్తాయి. కన్ను మాత్రం బాగా ఎర్రబడుతుంది.

పైలోకార్పిన్ ఒకచోట పనికొస్తుందన్నాను కదా. కొందరికి ఆ మూల పుట్టుకతోనే ఇరుకు. ఒకరోజు హఠాత్తుగా ఐరిస్ వెళ్ళి కాలువకి అడ్డం పడుతుంది. ప్రెషర్ 50, 60కి పోతుంది. కన్ను ఎర్రగా, తలనొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు. వాంతులు చూసి కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళతారు, అక్కడ ఒక రాత్రి పోతుంది. ఆ రాత్రిలో కన్ను పోవచ్చు. అలాంటప్పుడు అసిటజోలమైడ్ ఇస్తాం, మానిటాల్ సెలైన్ ఎక్కిస్తాం. మానిటాల్ ఏం చేస్తుంది? మాగాయకి మామిడి ముక్కల్లో ఉప్పు వేస్తే మర్నాటికి ముక్క ఊట వదులుతుంది కదా, అదే. రక్తాన్ని చిక్కన చేసి కంటిలోపలి నీళ్ళని బయటికి లాగుతుంది. ప్రెషర్ కొంచెం దిగాక పైలోకార్పిన్ వేస్తే ఐరిస్ సాగి మూల తెరుచుకుంటుంది. ఆ తర్వాత లేజర్‌తో ఐరిస్‌కి చిన్న కన్నం పెడతాం.

ఇక్కడ ఎవరో చీటీ పంపారు. "జలుబు మాత్ర అట్ట మీద గ్లకోమా ఉన్నవాళ్ళు వాడొద్దని రాసి ఉంది, మానేయాలా?" ఆ హెచ్చరిక చాలావరకు ఇప్పుడు చెప్పిన ఇరుకు మూల వాళ్ళ కోసం. ఆ మందులు కంటిపాపని పెద్దది చేస్తాయి, మూల ఇంకా ఇరుకవుతుంది. మీది ఏ రకమో మీ డాక్టరుని అడిగి, చీటీ మీద రాయించుకోండి. అట్ట మీద రాయనిది ఇంకోటుంది, నాకు దానితోనే ఎక్కువ భయం. స్టెరాయిడ్ చుక్కలు. కన్ను దురద పెట్టిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు, ఒక్కరోజులో హాయిగా ఉంటుంది, నెలల తరబడి వేస్తారు. అవి ఆ జల్లెడనే పూడ్చేస్తాయి. పన్నెండేళ్ళ పిల్లాడు చూపు పోగొట్టుకుని వస్తే ఏం చెప్పాలో తోచదు.

ఇప్పుడు మాస్టారి జేబు. బయట 42 డిగ్రీలు. లటానోప్రోస్ట్ చాలా కంపెనీలది తెరవకముందు ఫ్రిజ్‌లో ఉండాలి. తెరిచాక 25 డిగ్రీల దాకా బయట ఉండవచ్చని రాస్తారు, మన ఎండాకాలంలో 25 ఎక్కడుందండి? ఫ్రిజ్ తలుపులో పెట్టండి, గడ్డకట్టే అరలో కాదు. తెరిచిన తేదీ సీసా మీద రాసి, నెల కాగానే పారేయండి. సగం ఉందని దాచుకోకండి.

ఒక చుక్క చాలు. మన కంట్లో పట్టేది మహా అయితే 30 మైక్రోలీటర్లు, సీసాలోంచి పడే ఒక్క చుక్కే 30 నుంచి 50 ఉంటుంది. రెండో చుక్క వేస్తే చెంపకి వేసినట్టే. రెండున్నర మిల్లీలీటర్ల సీసాలో సుమారు 80 చుక్కలు. రెండు కళ్ళకీ ఒక్కొక్కటి చొప్పున నెలకి 60, సరిపోతుంది. రెండేసి వేస్తే ఇరవై రోజులకి ఖాళీ, తర్వాత పెన్షన్ పడేదాకా పది రోజులు మందు లేకుండా కూర్చుంటారు. అలా కూర్చునేవాళ్ళు నాకు తెలుసు. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. మూత రంగు చూసి గుర్తుపెట్టుకోవద్దు. అమెరికాలో మందు రకాన్ని బట్టి మూత రంగు ఉంటుంది, మన దగ్గర కంపెనీకో రంగు. పోయిన నెల పచ్చమూత, ఈ నెల తెల్లమూత. పేరు చదవండి, లేదంటే మనవడితో చదివించుకోండి.

చాలు, గొంతు ఎండిపోయింది. సీసాలు తెచ్చినవాళ్ళు ఇటు ముందు వరసలోకి రండి. తెరిచిన తేదీ రాసి ఉన్నవాళ్ళు ఎవరు? ఎవరూ లేరా? సరే, పెన్ను నా దగ్గర ఉంది. మాస్టారూ, మీదే ముందు ఇవ్వండి.